అడుగు నుంచి కరుగుతున్న మంచు: అంటార్కిటికా సంగతికీ బందరు ప్లాటుకీ లెక్క ఎక్కడ కలుస్తుంది?

పోయిన వారం బందరు నుంచి మా ఖాలూ ఫోన్ చేశారు. సలాం, దువా అయ్యాక అసలు సంగతికి వచ్చారు. వాళ్ల ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో ఒక వీడియో తిరుగుతోందట. అంటార్కిటికాలో 'ఖయామత్ గ్లేసియర్' అని ఒకటి ఉందట, ఐదేళ్లలో విరిగి సముద్రంలో పడుతుందట, తీరంలో ఉన్న ఊళ్లన్నీ మునిగిపోతాయట. మంగినపూడి వెళ్లే దారిలో ఆయనకు రెండు వందల గజాల ప్లాటు ఉంది. చిన్న కూతురి పెళ్లి కోసమని ఎప్పుడో కొని పెట్టుకున్నది. "బేటా, నువ్వు వార్తలు రాసేవాడివి కదా. ఉన్నదున్నట్టు చెప్పు. అమ్మేయమంటావా?" అని అడిగారు.

వెంటనే జవాబు చెప్పలేకపోయాను. ఎందుకంటే ఆ 'ఖయామత్' మాట వాడినవాళ్లలో నేనూ ఉన్నాను. రెండేళ్ల కిందట ఒక వార్తకి నేనే ఆ హెడ్డింగ్ పెట్టాను. బాగా చదివారు కూడా. ఇంగ్లిష్‌లో ఆ పేరు పెట్టింది జెఫ్ గూడెల్ అనే రచయిత, 2017లో రోలింగ్ స్టోన్ పత్రికలో. ఆ మంచు మీద పనిచేసే శాస్త్రవేత్తల్లో చాలామందికి ఆ పేరు నచ్చదు. నేను బీకాం చదివినవాణ్ణి, సైన్సు నా సబ్జెక్టు కాదు. అయినా జమాఖర్చులు చూడటం తెలుసు కాబట్టి ఈసారి కాస్త కూర్చుని లెక్క చూశాను. ఆ లెక్కే ఇక్కడ పెడుతున్నాను.

దాని అసలు పేరు థ్వైట్స్. పశ్చిమ అంటార్కిటికాలో, అముండ్సెన్ సముద్రం ఒడ్డున ఉంది. విస్తీర్ణం సుమారు 1,92,000 చదరపు కిలోమీటర్లు, అంటే మన ఆంధ్రప్రదేశ్ కంటే పెద్దది. సముద్రం వైపు దాని వెడల్పే 120 కిలోమీటర్లు. గ్లేసియర్ అంటే కదలకుండా నిలబడ్డ మంచు కొండ అనుకుంటాం. కాదు. అది చాలా నెమ్మదిగా పారే నది. వెనకాల మంచు కురుస్తుంది, అది గట్టిపడి సొంత బరువుకే సముద్రం వైపు జారుతుంది.

అంటే దానికీ ఒక జమ, ఒక ఖర్చు ఉన్నాయి. కురిసే మంచు జమ. సముద్రంలోకి పోయే మంచు ఖర్చు. రెండూ సమానంగా ఉన్నంత కాలం ఏ గొడవా లేదు. ఇప్పుడు థ్వైట్స్ తనకు వచ్చే మంచు కంటే ఏడాదికి సుమారు 5,000 కోట్ల టన్నులు ఎక్కువగా పోగొట్టుకుంటోంది. వినడానికి గుండె ఆగేంత అంకె. కానీ ప్రపంచంలో ఉన్న సముద్రమంతా ఒక్క మిల్లీమీటరు పెరగాలంటే సుమారు 36,000 కోట్ల టన్నుల మంచు కరగాలి. భాగించి చూడండి. థ్వైట్స్ ఏటా సముద్రానికి కలుపుతున్నది మిల్లీమీటరులో ఏడో వంతు. సముద్ర మట్టం ఏడాదికి సుమారు 3.7 మిల్లీమీటర్ల చొప్పున పెరుగుతుంటే అందులో దీని వాటా 4 శాతం దగ్గర.

ఇదే వేగంతో పోతే వందేళ్లకు ఒకటిన్నర సెంటీమీటరు కూడా కాదు. మరి భయమెందుకు? భయం ఈ ఏటి ఖర్చు గురించి కాదు, అసలు గురించి. థ్వైట్స్ మొత్తం పోతే సముద్రం సుమారు 65 సెంటీమీటర్లు పెరుగుతుంది. ఖర్చు ఏ ఏడాదికి ఆ ఏడాది పెరుగుతూ పోతుందా, పెరిగితే ఎంత త్వరగా, అన్నదే ప్రశ్న. దానికి జవాబు ఆకాశంలో లేదు, మంచు అడుగున ఉంది.

పైన చలి, కింద వేడి

మంచు ఎండకి కరుగుతుందని చిన్నప్పటి నుంచి చూస్తున్నాం. హిమాలయాల్లో గ్లేసియర్లు కరిగేది ఎక్కువగా అలాగే, గాలి వేడికి, ఎండకి, పై నుంచి. థ్వైట్స్ దగ్గర పై గాలి ఏడాదిలో ఎక్కువ భాగం సున్నా డిగ్రీల కంటే ఎంతో కింద ఉంటుంది. అక్కడ పై నుంచి కరిగేది చాలా తక్కువ. దాన్ని తినేస్తున్నది కింద నుంచి వస్తున్న సముద్రపు నీరు.

ఇక్కడ ఒక అనుమానం వస్తుంది. వేడి నీరు పైకి తేలాలి కదా, బకెట్లో చూసినా గీజరులో చూసినా అంతే కదా అని. ఉప్పు లేని నీటిలో అది నిజం. సముద్రంలో ఉప్పు ఎంత ఉందన్నది కూడా చూడాలి. అంటార్కిటికా దగ్గర పై పొర నీరు బాగా చల్లగా ఉంటుంది, కానీ ఉప్పు తక్కువ కాబట్టి తేలిక. కొన్ని వందల మీటర్ల లోతున ఉన్న నీటిలో ఉప్పు ఎక్కువ కాబట్టి బరువు, వెచ్చగా ఉన్నా పైకి రాదు. అంటార్కిటికా చుట్టూ తిరిగే ఈ లోతు నీటిని ధ్రువ పరిభ్రమణ లోతు జలం అనవచ్చు. దాని వేడి ఎంతనుకున్నారు? సున్నా మీద ఒక డిగ్రీ, అటూ ఇటూగా. మనం చెయ్యి పెడితే క్షణం ఉంచలేం. కానీ ఉప్పు నీరు గడ్డ కట్టేది సున్నా దగ్గర కాదు, మైనస్ 1.9 డిగ్రీల దగ్గర. లోతుకు వెళ్లే కొద్దీ ఒత్తిడి పెరిగి అది ఇంకా దిగుతుంది, కిలోమీటరుకు ముప్పావు డిగ్రీ చొప్పున. అందుకే మనకి గడ్డకట్టే చలిలా అనిపించే ఆ నీరు, కిలోమీటరు లోతున ఉన్న మంచుకి మూడు డిగ్రీలకు పైగా వేడి.

ఒక కిలో మంచు కరగాలంటే 80 లీటర్ల నీరు ఒక డిగ్రీ చల్లబడాలి. ఒక బకెట్ నీటితో ఆ పని అయ్యేది కాదు. కానీ అక్కడ ఉన్నది బకెట్ కాదు, సముద్రం. చల్లబడిన నీరు బయటికి పోతుంటే కొత్త నీరు లోపలికి వస్తూనే ఉంటుంది. అది కూడా తనంతట తానే. మంచు కరిగినప్పుడు వచ్చే నీటిలో ఉప్పు ఉండదు, తేలిక, మంచు అడుగు వెంబడే పైకి పాకుతుంది. అది ఖాళీ చేసిన చోటుకి అడుగు నుంచి వెచ్చని ఉప్పు నీరు చేరుతుంది. మోటారు లేని పంపు.

ఆ నీరు లోపలికి వచ్చే దారి కూడా గ్లేసియర్లు వేసినదే. వేల ఏళ్ల కిందట మంచు ఇప్పటికంటే ఎంతో ముందుకు, సముద్రంలోకి ఉండేది. అప్పుడు అది నేలని దున్నుకుంటూ పోయి లోతైన కాలువలు కోసింది. మంచు వెనక్కి పోయింది, కాలువలు మిగిలాయి. ఇప్పుడు వెచ్చని నీరు వాటిలోంచే గ్లేసియర్ మొదలు దాకా వస్తోంది.

ఇంకో విషయం ఉంది, నిజానికి అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే. థ్వైట్స్ కూర్చున్న నేల సముద్ర మట్టానికి కింద ఉంది. మంచు నేలని వదిలి నీటిపై తేలడం మొదలయ్యే గీతని గ్రౌండింగ్ లైన్ అంటారు, మనం ఆనుడు గీత అనుకుందాం. మామూలుగా తీరం నుంచి లోపలికి వెళ్తే నేల ఎత్తు పెరగాలి. ఇక్కడ తిరగబడింది. లోపలికి వెళ్లే కొద్దీ నేల పల్లమవుతుంది, పళ్లెంలా. దాంతో గీత వెనక్కి జరిగే కొద్దీ అక్కడి మంచు ఇంకా మందంగా ఉంటుంది, మందం ఎక్కువైతే సముద్రంలోకి పారే మంచూ ఎక్కువ, పారడం ఎక్కువైతే పలచబడుతుంది, పలచబడితే నేలని వదిలి తేలుతుంది, గీత మళ్లీ వెనక్కి. చక్రవడ్డీ ఎలా పనిచేస్తుందో తెలిసినవాళ్లకి ఇది వేరే చెప్పక్కర్లేదు. 1992కీ 2011కీ మధ్య థ్వైట్స్ నడిమి భాగంలో ఆ గీత 14 కిలోమీటర్లు వెనక్కి వెళ్లింది. పక్కనే ఉన్న పైన్ ఐలండ్ గ్లేసియర్లో 31 కిలోమీటర్లు.

ఆ 'ఐదేళ్లు' ఎక్కడి నుంచి వచ్చింది?

ఖాలూ చూసిన వీడియోలోని ఐదేళ్ల మాట గాలిలోంచి పుట్టింది కాదు. 2021 డిసెంబరులో అమెరికాలో జరిగిన ఒక పెద్ద సైన్సు సదస్సులో పరిశోధకులు థ్వైట్స్ తూర్పు భాగం ముందు తేలుతున్న మంచు పలకలో పగుళ్లు పెరుగుతున్నాయని, అది ఐదేళ్లలోనే ముక్కలు కావచ్చని హెచ్చరించారు. వాళ్లు చెప్పింది తేలుతున్న పలక గురించి. మన వార్తల్లోకి వచ్చేసరికి మొత్తం గ్లేసియర్ అయిపోయింది. వాట్సాప్‌కి వచ్చేసరికి బందరు మునిగిపోయింది.

తేడా చిన్నది కాదు. గ్లాసు షర్బత్‌లో తేలుతున్న ఐసు ముక్క కరిగితే గ్లాసు పొర్లదు, అది ముందే తన చోటు తీసేసుకుంది. తేలే పలక కూడా అంతే. అది విరిగినా సముద్రం దాదాపు పెరగదు. మరి దాని గురించి గోలెందుకంటే, ఆ పలక వెనకాల మంచుకి తలుపుకి వేసిన గడియలాంటిది. సముద్రం అడుగున ఉన్న గుట్టలకి ఆనుకుని వెనక నుంచి వచ్చే మంచుని నెమ్మదింపజేస్తుంది. 2002లో అంటార్కిటికాలోని లార్సెన్ బి అనే పలక, 3,250 చదరపు కిలోమీటర్లది, నెల రోజుల్లో పొడి పొడి అయింది. దాని వెనక ఉన్న గ్లేసియర్లు ఆ తరువాత మునుపటి కంటే కొన్ని రెట్లు వేగంగా సముద్రంలోకి జారాయి. కాబట్టి పలక విరగడం ప్రమాదమే, కాకపోతే అది ఆ రోజు వచ్చే ప్రమాదం కాదు.

అడుగుకి వెళ్లి చూసినవాళ్లు ఏం చెప్పారు

ఇదంతా చాలా కాలం కంప్యూటర్ లెక్కల మీదే నడిచింది. ఎవరూ చూసింది లేదు. 2018లో అమెరికా, బ్రిటన్ కలిసి థ్వైట్స్ కోసమే ఒక పెద్ద పరిశోధన మొదలుపెట్టాయి. 2019-20 వేసవిలో, అంటే మనకి చలికాలంలో, ఆనుడు గీతకు దగ్గరలో వేడి నీటితో మంచుకి సుమారు 600 మీటర్ల లోతున కన్నం వేశారు. అందులోంచి ఐస్‌ఫిన్ అనే సన్నని పొడవాటి రోబోని దింపారు. కార్నెల్ యూనివర్సిటీకి చెందిన బ్రిట్నీ ష్మిట్ బృందం తయారుచేసింది అది. అదే కన్నంలో బ్రిటిష్ అంటార్కిటిక్ సర్వేకి చెందిన పీటర్ డేవిస్ బృందం నీటి వేడిని, ఉప్పుని కొలిచే పరికరాలు పెట్టింది. ఫలితాలు 2023 ఫిబ్రవరిలో నేచర్ పత్రికలో వచ్చాయి.

నన్ను ఆపేసింది ఈ ఫలితాలే. రెండు వైపులా ఉన్నాయి. అక్కడి నీరు గడ్డకట్టే స్థాయి కంటే ఒకటిన్నర డిగ్రీలు ఎక్కువగానే ఉంది. కానీ మంచు అడుగు చదునుగా ఉన్న చోట, కరిగిన మంచి నీరు పలచని పొరలా పరుచుకుని వెచ్చని నీటిని మంచుకి తగలనివ్వడం లేదు. దుప్పటి కప్పుకున్నట్టు. అందుకని కరుగుదల అనుకున్న దానికంటే తక్కువగా ఉంది, ఏడాదికి ఐదు మీటర్ల దగ్గర. అయితే పగుళ్లలో, మెట్లు మెట్లుగా ఉన్న గోడల దగ్గర ఆ దుప్పటి నిలవడం లేదు. అక్కడ మంచు చాలా వేగంగా కరుగుతోంది.

అంటే అంత తక్కువ కరిగినా ఆ గీత అంత వేగంగా వెనక్కి పోయింది. దీన్ని శుభవార్త అనాలో దుర్వార్త అనాలో నాకు చాలాసేపు అర్థం కాలేదు. సగటు తక్కువగా ఉందంటే నిశ్చింతే కదా అనిపిస్తుంది. కానీ ఇంటి పునాదిలో సగటున తేమ తక్కువే ఉండి, నాలుగు మూలల్లో మాత్రం నీరు దిగుతుంటే ఆ ఇంటిని ఎవరైనా మంచి ఇల్లు అంటారా?

ఆ తరువాత 2024 మేలో ఎరిక్ రిగ్నో బృందం ఇంకో సంగతి బయటపెట్టింది. ఉపగ్రహ రాడార్‌తో చూస్తే, పోటు వచ్చినప్పుడు గ్లేసియర్ కొన్ని సెంటీమీటర్లు పైకి లేస్తోంది, సముద్రపు నీరు ఆనుడు గీత దాటి కిలోమీటర్ల కొద్దీ లోపలికి దూరుతోంది. ఆటు వచ్చినప్పుడు వెనక్కి వస్తోంది. కాబట్టి ఆ గీత నిజానికి గీత కాదు, రోజూ ముందుకీ వెనక్కీ జరిగే పట్టీ. ఇంతకాలం వేసిన లెక్కల్లో చాలావాటిలో ఈ దూరే నీరు లేదు.

అదే ఏడాది ఆగస్టులో ఇటు ధైర్యం చెప్పే మాట కూడా వచ్చింది, దాన్ని మాత్రం ఏ ఛానలూ పెద్దగా వేయలేదు. ఎత్తైన మంచు గోడలు తమ బరువుకే కూలిపోతూ, ఒకదాని వెనక ఒకటి పడిపోతాయన్న భయంకరమైన అంచనా ఒకటి ఉండేది. మాథ్యూ మోర్లిగెమ్ బృందం లెక్కల ప్రకారం థ్వైట్స్‌లో ఈ శతాబ్దంలో అలా జరిగే అవకాశం తక్కువ.

ఇక్కడ ఒక స్వీడన్ యంత్రం గురించి చెప్పకుండా ఉండలేను. రాన్ అని దాని పేరు. మనిషి లేకుండా సముద్రంలో తనంతట తానే తిరిగే పడవ. 2019లో థ్వైట్స్ ముందు సముద్రం అడుగున తిరిగి, నేల మీద మంచు వదిలిన చారలని ఫొటో తీసినట్టు తెచ్చింది. వాటిని బట్టి చూస్తే గత రెండు వందల ఏళ్లలో ఒక దశలో ఈ గ్లేసియర్ ఏడాదికి రెండు కిలోమీటర్లకు పైన వేగంతో వెనక్కి వెళ్లింది, ఇప్పటికంటే వేగంగా. 2022లో పక్కనున్న డాట్సన్ పలక కిందికి 17 కిలోమీటర్ల దాకా వెళ్లి, నీరు మంచు అడుగుని కన్నీటి బొట్ల ఆకారంలో ఎలా చెక్కుతోందో చూపించింది. 2024లో మళ్లీ డాట్సన్ కిందికే వెళ్లింది. తిరిగి రాలేదు. ఇప్పటికీ ఆ చీకట్లోనే ఎక్కడో ఉంది. దానికంటే ముందు ఇక్కడి నీటి వేడి కొలవడానికి సీల్ జంతువుల తలలకి పరికరాలు అంటించి వదిలారు. అవి వేటకి లోతుకి దిగి, గాలి కోసం పైకి వచ్చినప్పుడల్లా లెక్క ఉపగ్రహానికి చేరేది. ఒక ఊరంత మంచు గురించి మనిషికి తెలిసింది ఇలా, కన్నాల్లోంచి, సీళ్ల తలల మీంచి.

కుళాయి ఎవరి చేతిలో ఉంది?

సముద్రమే ఇదంతా చేస్తోందని నమ్మకం ఏమిటి అని అడగవచ్చు. గ్రీన్‌లాండ్‌లో దానికి మంచి సాక్ష్యం దొరికింది. అక్కడ యాకబ్స్‌హవ్న్ అనే గ్లేసియర్ ఉంది. 1997లో దాని ముందున్న సముద్రంలోకి వెచ్చని నీరు వచ్చింది. ఆ తరువాత దాని తేలే పలక పోయింది, గ్లేసియర్ పరుగు అందుకుంది. 2016లో ఆ నీరు రెండు డిగ్రీల దాకా చల్లబడింది. గాలి వేడి పెద్దగా మారకపోయినా గ్లేసియర్ నెమ్మదించింది, ముందు భాగం మళ్లీ మందమైంది కూడా. కుళాయి తిప్పేది సముద్రమేనని తేలిపోయింది. తిప్పి కట్టేయగలిగితే మంచు ఆగుతుందని కూడా.

మరి అముండ్సెన్ కుళాయిని కట్టగలమా? భూమి మీద అదనంగా చేరుతున్న వేడిలో 90 శాతానికి పైగా సముద్రాలే మింగుతున్నాయి. గాలుల తీరు కూడా మారి, లోతు నీటిని ఒడ్డు వైపు ఎక్కువగా నెడుతోంది. 2023 అక్టోబరులో బ్రిటిష్ అంటార్కిటిక్ సర్వేకి చెందిన కైట్లిన్ నాటెన్ బృందం ఒక కఠినమైన ఫలితం చెప్పింది. ఈ శతాబ్దంలో అముండ్సెన్ సముద్రం పోయిన శతాబ్దం కంటే మూడు రెట్ల వేగంతో వేడెక్కుతుంది. ప్రపంచమంతా మాట నిలబెట్టుకుని ఉష్ణోగ్రత పెరుగుదలని 1.5 డిగ్రీల దగ్గర ఆపినా ఇందులో పెద్ద తేడా రాదు. పాత అప్పు తాలూకు వాయిదాలు అవి, కట్టక తప్పదు. ఇప్పుడు పొగ తగ్గిస్తే లాభం తూర్పు అంటార్కిటికాకి, తరువాతి శతాబ్దాలకి ఉంటుంది. పశ్చిమ అంటార్కిటికా మంచు మొత్తం పోతే మూడు మీటర్లకు పైన, కానీ తూర్పుది కూడా కలిపి లెక్కేస్తే 58 మీటర్లు. తాకట్టులో ఉన్నది పోయినా, లాకర్లో ఉన్నది ఇంకా మన చేతిలోనే ఉంది.

ఈ మధ్య ఒక కొత్త ఉపాయం చర్చలో ఉంది. సముద్రం అడుగున సుమారు 80 కిలోమీటర్ల పొడవు, నూరు మీటర్ల ఎత్తున తెరలు కట్టి వెచ్చని నీటిని ఆపేద్దామని. ఖర్చు 4,000 కోట్ల నుంచి 8,000 కోట్ల డాలర్లు అని ప్రతిపాదించినవాళ్ల అంచనా. మన డబ్బులో మూడున్నర లక్షల కోట్ల నుంచి ఏడు లక్షల కోట్ల దాకా. తెలంగాణ 2025-26 బడ్జెట్ మొత్తమే సుమారు 3 లక్షల 5 వేల కోట్లు. ప్రపంచంలో తీరాల వెంబడి గోడలు కట్టుకోవడం కంటే ఇదే చవక అని వాళ్ల వాదన, అంకెలు మాత్రమే చూస్తే అందులో తప్పు పట్టడం కష్టం. కానీ కాగితం మీద లాభం చూపించిన ప్రాజెక్టులన్నీ లాభాలు తెచ్చాయా? మంచు దిబ్బలు తిరిగే సముద్రంలో, ఏడాదిలో కొన్ని వారాలే నౌకలు వెళ్లగలిగే చోట ఎవరు కడతారు, చిరిగితే ఎవరు కుడతారు? ఆ నీటిని ఇక్కడ ఆపితే పక్క గ్లేసియర్ మీదికి పోదని హామీ ఏది? 2025 సెప్టెంబరులో మార్టిన్ సీగర్ట్‌తో పాటు అనేకమంది ధ్రువ శాస్త్రవేత్తలు ఇలాంటి ఐదు ఉపాయాలని పరిశీలించి, ఏదీ పనికి రాదని, అసలు పని నుంచి దృష్టి మళ్లిస్తుందని రాశారు. నేను వాళ్ల వైపే. తెరకి పెట్టుబడి దొరుకుతుందన్న ఆశ చూపించి బొగ్గు కాల్చడానికి ఇంకో పదేళ్లు గడువు అడిగేవాళ్లు తప్పకుండా ఉంటారు.

తెర సంగతి తరువాత, ముందు కొలిచేవాళ్లే తగ్గిపోతున్నారు. ఈ పరిశోధనకు ఎన్నోసార్లు వెళ్లిన అమెరికా నౌక నథానియెల్ బి పామర్. దాని అద్దె ఒప్పందాన్ని ముగించాలని 2026 ఆర్థిక సంవత్సరం బడ్జెట్ ప్రతిపాదనలో పెట్టారు. దక్షిణ కొరియా నౌక అరావోన్ ఆ సముద్రంలోకి వెళ్తోంది కానీ, ఒక నౌకతో అయ్యే పనా ఇది? ఆడిటర్‌ని తీసేస్తే నష్టం ఆగదు, కనబడడం మాత్రమే ఆగుతుంది.

మన తీరం దాకా

దూరం ఎక్కువ కాబట్టి మనకి తక్కువ తగులుతుందనుకుంటాం. వ్యవహారం తలకిందులు. అంత పెద్ద మంచుకి సొంత ఆకర్షణ ఉంటుంది, చుట్టూ ఉన్న సముద్రాన్ని తన వైపు లాక్కుని ఉంచుతుంది. మంచు తగ్గితే ఆ పట్టు సడలుతుంది. నీరు అక్కడ తగ్గి, దూరంగా ఉన్న చోట్ల ఎక్కువవుతుంది. పశ్చిమ అంటార్కిటికా కరిగితే ప్రపంచ సగటు కంటే కాస్త ఎక్కువగా పెరిగే సముద్రాల్లో మన హిందూ మహాసముద్రం ఒకటి. మన దేశ పరిశోధన కేంద్రాలు మైత్రి, భారతి తూర్పు అంటార్కిటికాలో ఉన్నాయి, థ్వైట్స్‌కి చాలా దూరం. సముద్రాల వేడి కొలిచే ఆర్గో తేలియాడే యంత్రాల సమాచారం సేకరించే కేంద్రాల్లో ఒకటి మాత్రం మన హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్.

ఇక ఉప్పాడలో ఇళ్లు సముద్రంలో కలిసిపోతున్న ఫొటోలు పెట్టి దాన్ని థ్వైట్స్ ఖాతాలో రాసేవాళ్లున్నారు. అది సరికాదు. ఉప్పాడ కోతకి స్థానిక కారణాలు బలంగా ఉన్నాయి, తీరం వెంబడి ఇసుక నడక మారడం, కట్టడాలు, నదుల నుంచి మట్టి రాక తగ్గడం. కృష్ణా, గోదావరి మీద ఆనకట్టలు మట్టిని ఆపేస్తుంటే డెల్టా నేల నెమ్మదిగా కుంగుతోంది కూడా. ఒక పక్క నీరు పెరగడం, ఇంకో పక్క నేల దిగడం. రెండూ ఒకే ఇంటి మీద పడతాయి కానీ, బాధ్యులు వేరు. ఒకదాని పేరు చెప్పి రెండోదాన్ని వదిలేయకూడదు.

ఐక్యరాజ్య సమితి వాతావరణ సంఘం 2021 నివేదిక ప్రకారం 2100 నాటికి సముద్రం, పొగ గట్టిగా తగ్గిస్తే 28 నుంచి 55 సెంటీమీటర్లు, అసలు తగ్గించకపోతే 63 సెంటీమీటర్ల నుంచి మీటరు దాకా పెరుగుతుంది. మంచు అనుకోని తీరులో ప్రవర్తిస్తే రెండు మీటర్ల దగ్గరికి పోవడాన్నీ కొట్టిపారేయలేమని అందులోనే ఉంది. ఆ అనుకోని తీరుకి పెద్ద అనుమానితుడు థ్వైట్స్.

ఖాలూకి ఫోన్ చేసి ఇదంతా చెప్పాను. ఐదేళ్లలో మునగదు, ఆ వీడియో డిలీట్ చేయండి అన్నాను. అమ్మి చదివింపులకి వాడతారో ఉంచుతారో మీ ఇష్టం, కానీ భయపడి అయినకాడికి ఇచ్చేయకండి, మీ భయాన్ని చవగ్గా కొనేవాళ్లు అదే గ్రూపులో ఉంటారు అని కూడా అన్నాను. ఆయన నవ్వారు. అయితే అక్కడ ఇల్లు కట్టుకుని మనవల దాకా ఉండాలంటే మాత్రం వేరే లెక్క అని చెప్పాను. చూడాల్సింది సముద్రం రోజూ ఎక్కడిదాకా వస్తుందని కాదు, ఉప్పెన వస్తే ఎక్కడిదాకా వస్తుందని. సముద్రం అర మీటరు పెరిగితే ఉప్పెన ఆ అర మీటరు ఎత్తు మీద నిలబడి వస్తుంది.

ఆయన కాసేపు మాట్లాడలేదు. 1977 నవంబరు 19 నాటికి ఆయనకి పదేళ్లు. దివిసీమలో ఆ రాత్రి పోయినవాళ్లు పది వేల మంది దాకా అని లెక్క.

"మా అబ్బాజాన్ అప్పట్లో గోడ మీద నీళ్లు వచ్చిన చోట గీత గీశారు," అన్నారు. "ఇల్లు అమ్మేశాం గానీ, ఆ గోడ ఇంకా ఉంది. రేపు పోయి కొలిచి చెప్తా. నీ అర మీటరు దాని మీద కలుపు."